సగటు బలం

గుడివాడ బస్టాండు దాటగానే నాగలక్ష్మి మళ్ళీ ఫోను చూసుకుంది. పదీ అయిదు. బందరు ఎన్నింటికి చేరుస్తారని కండక్టరుని అడగడం ఇది రెండోసారి. పదకొండు అవుతుందమ్మా అని అతను రెండోసారీ విసుక్కోకుండానే చెప్పాడు. పదకొండుకి బందరు, అక్కణ్ణుంచి ఆటో ఎక్కితే గిలకలదిండి హార్బరుకి ఇరవై నిమిషాలు, దారిలో ఎక్కడైనా ఆగిపోతే అరగంట, పోటు నిండేది పన్నెండింటికి. పోటు నిండితే గానీ హార్బరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసక మేట మీద బోట్లకి నీళ్ళు చాలవు, నిండాక మాత్రం ఒక్క బోటూ ఆగదు, రెండు నెలల వేట నిషేధం నిన్నటితో అయిపోయింది, ఇన్నాళ్ళూ ఒడ్డునే ఎండిపోయిన మనుషులు ఇంక ఒక్క గంట కూడా ఓర్చుకోరు. అందులో అన్నయ్య గంగాప్రసాద్ అసలే ఓర్చుకోడు. ఈపాటికి ఐసు ఎక్కించేసి ఉంటాడు, డీజిలు పట్టించేసి ఉంటాడు, బోటు ముక్కు మీద కొత్త లంగరు తాడు చుట్టలు చుట్టి పెట్టి ఉంటాడు. ఆ తాడులో ఉన్న నూలు తను పనిచేసే మిల్లుది. ఆ నూలు మొదటి రకం అని సంతకం పెట్టింది తను.

కిటికీ పక్కన కాలవ వెంట వస్తోంది. కొత్తగా వదిలిన నీళ్ళు, ఎర్రగా, చెత్తని ముందుకు తోసుకుంటూ, బస్సుతో పందెం వేసుకున్నట్టు. బస్సు కంటే కాలవే నయం, అది ఎక్కడా ఆగదు, ఈ బస్సు చెయ్యెత్తిన ప్రతి మనిషి దగ్గరా ఆగుతోంది, గుడ్లవల్లేరు దాకా ఇంకా ఎన్నిసార్లు ఆగుతుందో. నిన్న సాయంత్రం అన్నయ్య ఫోను చేసినప్పుడు ఎంత హుషారుగా ఉన్నాడు. లచ్చీ, మీ మిల్లు తాడే కొన్నానే, షాపతను నూలు ఎక్కడిదని అడిగితే హనుమాన్ జంక్షన్ మిల్లుదన్నాడు, అయితే అది మా చెల్లెలు చూసిన నూలేనయ్యా, ఇంకేం చూసుకోనక్కర్లేదు ఇచ్చెయ్ అన్నాను అని నవ్వాడు. తనూ నవ్వింది. ఏ తాడు అన్నయ్యా అంది నవ్వుతూనే. లంగరు తాడే, తెల్లటి దాంట్లో నీలం పోగు ఉంటది చూడు, అది, మేం కొన్నామని ఇంకో ఎనిమిది మందో తొమ్మిది మందో కొన్నారు, మీ కంపెనీ నాకు కమీషన్ ఇవ్వాలి. నీలం పోగు. నీలం పోగు వేసేది ఆటోనగర్లో తాళ్ళు పేనే కంపెనీ ఒక్కటే, వాళ్ళకి మే నెలలో వెళ్ళిన లాటు ఒక్కటే. అప్పుడే చెప్పి ఉండాల్సింది, ఆ క్షణంలోనే, అన్నయ్యా ఆ తాడు వెయ్యొద్దు అని నాలుగు మాటలు. దానికి బదులు వదిన ఎలా ఉంది అని అడిగింది, పిల్లలకి స్కూళ్ళు తెరిచారా అని అడిగింది, ఫోను పెట్టేసింది.

ఎందుకు చెప్పలేదు? ఖచ్చితంగా తెలియకుండా ఎలా చెప్పడం అని తనకి తను చెప్పుకుంది. తెల్లారి ఆరున్నరకే ల్యాబుకి రమ్మని డయానాకి ఫోను చేసింది అందుకే. డయానా ల్యాబ్ అసిస్టెంటు, ఇరవై మూడేళ్ళ పిల్ల, ప్రశ్నలు వెయ్యదు, జడ ఇంకా తడిగానే ఉండగా వచ్చేసింది. లాటుకి పది బాబిన్ల చొప్పున నమూనాలు బీరువాలో దాస్తారు. ఆ పదిట్లో బాగాలేని మూడూ ఏవో నాగలక్ష్మికి చూడకుండానే తెలుసు, నాలుగు, అయిదు, తొమ్మిది. ఉప్పు కలిపిన నీళ్ళలో గంటసేపు నానబెట్టి మెషీను మీద లాగారు. మంచి నూలు బలం లెక్కలో ఎనిమిదిన్నర దగ్గర తెగుతుంది, తడిపినా ఏడు దాటుతుంది. నాలుగో బాబిను నాలుగున్నరకి తెగింది. అయిదోది నాలుగుకి. తొమ్మిదోది మెషీను దవడలు ఇంకా సరిగ్గా విడిపోనే లేదు, టప్పుమంది, మూడున్నర. డయానా మెషీను ఆపి, సున్నా సరిచేసి, మళ్ళీ లాగింది. మళ్ళీ మూడున్నర. "అక్కా, ఇది మెషీను తప్పు కాదక్కా," అంది మెల్లిగా. ఆ పిల్ల మొహంలోకి చూడలేక నాగలక్ష్మి హ్యాండుబ్యాగు తీసుకుని బయటికి నడిచింది, గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఏంటి మేడం అప్పుడే వెళ్తున్నారు అంటే ఒంట్లో బాగాలేదని చెప్పింది.

వదినకి ఫోను చేసింది బస్సు కోసం నిలబడి. ఆయన తెల్లారగట్లే బోటు కాడికి పోయాడు, ఫోను ఇంట్లోనే చార్జింగు పెట్టి మర్చిపోయాడు, ఏంటి పని అంది వదిన. నేను వచ్చేదాకా బయల్దేరొద్దని చెప్పించు వదినా. ఎందుకూ? వచ్చి చెప్తాను. చెప్తాలే అంది వదిన, కానీ ఆ చెప్తాలే అన్న మాట ఎలాంటిదో తెలుసు, గ్యాసు మీద పాలు, చిన్నదానికి జడలు, ఇవన్నీ అయ్యాక గుర్తుంటే. వదినకి కూడా చెప్పలేకపోయింది. తాడు మంచిది కాదు అని మూడు మాటలు. ఆ మూడు మాటలే లోపల ఉండిపోతున్నాయి. ఎందుకంటే ఆ మాటల తర్వాత అవతలివాళ్ళు ఒకటే అడుగుతారు, మరి నువ్వు చూడలేదా? చూసింది. అదే కదా. చూడకపోయి ఉంటే ఈ పాటికి ఫోనులోనే అరిచి ఉండేది.

మే నెలలో ఆ సాయంత్రం వాన. ఎండలకి మాడి మాడి ఉన్నట్టుండి ఈదురుగాలి, ఉరుములు, కరెంటు పోయింది, జనరేటరు మీద స్పిన్నింగు నడిచింది గానీ డ్రయ్యరు నడవలేదు. నైలాన్ గింజలు చూడ్డానికి సగ్గుబియ్యంలా ఉంటాయి, తెల్లగా అమాయకంగా, కానీ గాలిలో తేమని తాగేస్తాయి, అందుకే వాటిని వేడి గాలిలో ఎండబెట్టి ఎండబెట్టి కరిగించే గొట్టంలోకి వదుల్తారు. చెమ్మతో లోపలికి వెళ్తే రెండొందల అరవై అయిదు డిగ్రీల దగ్గర ఆ నీళ్ళే కత్తెరలవుతాయి, పొడుగాటి గొలుసుల్లా ఉండాల్సిన నైలాను తునకలైపోతుంది, చిక్కగా ఉండాల్సిన కరుగు పల్చబడిపోతుంది. ఇదంతా నేర్పింది దుర్గాప్రసాద్ గారే. ప్రొడక్షన్ మేనేజరు. కంకిపాడు రైతు కుటుంబం, మిల్లులో పద్దెనిమిదేళ్ళు, తను కొత్తగా చేరిన రోజు చెయ్యి పట్టుకున్నంత ఓపిగ్గా స్పిన్నరెట్ దగ్గరికి తీసుకెళ్ళి, చిన్న అద్దాల కిటికీలోంచి చూడమన్నాడు. పళ్ళెం అడుగున సన్నటి రంధ్రాలు, ఒక్కోదాంట్లోంచీ దిగుతున్న మెరిసే దారం. "చూడండి, రంధ్రం దాటగానే కాస్త ఉబ్బుతోంది కదా, తర్వాత సన్నబడుతోంది. ఇరుకు సందులోంచి బయటపడ్డ మనిషి ఒళ్ళు విరుచుకున్నట్టు. లోపల గొలుసులు పొడుగ్గా ఉంటేనే అట్టా ఉబ్బుద్ది. పాకం పట్టేటప్పుడు మీ అమ్మగారు రెండు వేళ్ళ మధ్య తీగ చూస్తారా లేదా, ఇదీ అంతే, ఏ మీటరూ చెప్పకముందే కన్ను చెప్పుద్ది." అప్పుడు ఎంత గౌరవం కలిగింది ఆయన మీద. ఇప్పటికీ పోలేదు, అదే కష్టంగా ఉంది, ఆయన చెడ్డవాడైతే ఎంత తేలికయ్యేది.

ఆ సాయంత్రం తను ఆ కిటికీలోంచే చూసింది. దారాలు ఉబ్బడం లేదు. నీళ్ళ కుళాయి కట్టినప్పుడు చివరి ధార జారినట్టు, నిటారుగా, బలహీనంగా జారిపోతున్నాయి. అక్కడక్కడ బుడగలు. పళ్ళెం అంచున బొట్లు పేరుకుని వేలాడుతున్నాయి. నూట పది ఉండాల్సిన వత్తిడి గేజి ఎనభై అయిదు చూపిస్తోంది, కరుగు పల్చనైతే రంధ్రాల్లోంచి దాన్ని నెట్టడానికి పంపుకి కష్టం ఉండదు, పని తేలికైందంటే సరుకు పాడైందని అర్థం. షిఫ్టుకి రెండుసార్లు తెగే పోగులు ఆ నాలుగు గంటల్లో పదిహేడుసార్లు తెగాయి. తర్వాత కరెంటు వచ్చింది, డ్రయ్యరు తిరిగింది, అర్ధరాత్రికల్లా అంతా మామూలైంది. ఆ నాలుగు గంటల నూలూ మంచి నూలుతో కలిసిపోయి, ఒకే లాటు నెంబరుతో అట్టపెట్టెల్లో కూర్చుంది.

బస్సు ఆగింది. నాగలక్ష్మి లేచి నిలబడి ముందుకి చూసింది. కౌతవరం దగ్గర రైలు గేటు పడింది. గేటు ముందు ట్రాక్టరు, రొయ్యల మేత లారీ, నాలుగు బైకులు, డ్రైవరు ఇంజను కట్టేసి బీడీ వెలిగించాడు. పది ముప్ఫై రెండు. రైలు జాడ లేదు, పట్టాలు ఎండకి తెల్లగా మెరుస్తున్నాయి, ఇటు చూసినా లేదు, అటు చూసినా లేదు. పక్క సీట్లో పెద్దావిడ మంచినీళ్ళ సీసా చాపి, "తాగమ్మా, చెమటలు పట్టేస్తన్నాయి నీకు, ఆసుపత్రికా?" అంది. కాదండీ అంది నాగలక్ష్మి. నీళ్ళు తాగింది. చేప వాసన వేసే చేతులు ఆవిడవి, అమ్మ చేతుల్లాంటివి, ఆ వాసనకి ఒక్కసారిగా ఏడుపొచ్చినంత పనయ్యి, సీసా తిరిగిచ్చి కిటికీ వైపు తిరిగింది. చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతున్నాయి, నీళ్ళు చిమ్ముతున్నాయి, ఎవరికీ ఏ తొందరా లేదు.

మే నెలలో పొడిగా లాగినప్పుడు పదిట్లో ఏడు బాబిన్లు ఎనిమిదిన్నర. మూడు బాబిన్లు అయిదున్నర. కలిపి పదితో భాగిస్తే ఏడు పాయింట్ ఆరు. ఉండాల్సింది ఏడున్నర. దుర్గాప్రసాద్ గారు క్యాలిక్యులేటరు తన వైపు తిప్పి చూపించాడు. "తక్కువే, నేను కాదన్ను. కానీ పాసయింది కదండీ. రూలు ఏం అడుగుద్ది? సగటు అడుగుద్ది. అయినా ఇది లారీల మీద సరుకు కట్టుకునే తాళ్ళకి వెళ్ళే నూలు, దానికి ఇంత బలమే ఎక్కువ." రిజిస్టరు మీద ఆయన వేలు, ఆమె పేరుకి ఎదురుగా ఖాళీ గడి. క్వాలిటీ ఇన్‌ఛార్జిగా ప్రమోషను వచ్చి అప్పటికి ఆరు వారాలు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి అని మిల్లంతా అనుకోవడం వింది, చేపల వాళ్ళమ్మాయి చూశావా ఎక్కడి దాకా వచ్చిందో అనడం కూడా వింది. ఆ కుర్చీలోంచి తను చేసే మొదటి పెద్ద పని నాలుగు టన్నుల సరుకు తిరగ్గొట్టడమా? ఈవిడ వచ్చింది పని ఆగింది అనిపించుకోవడమా? ఆయన బలవంతం చెయ్యలేదు. అది గుర్తుంచుకోవాలి. ఆయన వేలు చూపించాడు, అంతే. మీరే చూసుకోండి అన్నాడు. ఆ మీరే అన్న మాట ఎంత తియ్యగా ఉందో అప్పుడు. లారీ తాళ్ళకే కదా అనుకుంది, పెన్ను తీసింది, సంతకం చివర గీత కూడా గీసింది, నిబ్బరంగా కనబడాలని.

రైలు వెళ్ళిపోయింది, మూడు పెట్టెల చిన్న రైలు, దానికోసం ఎనిమిది నిమిషాలు. బస్సు కదిలింది. గుడివాడ బస్టాండులో ఉండగా దుర్గాప్రసాద్ గారికి కూడా ఫోను చేసింది, దాచి ఏం లాభమని. అంతా విన్నాడు, తడిపి లాగితే మూడున్నర వచ్చిందంటే ఎంతా, మళ్ళీ చెప్పండి అన్నాడు, ఆ అడగడంలోనే ఆయనకి కూడా భయం వేసిందని తనకి తెలిసింది. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "మీరు ముందు వెనక్కి వచ్చెయ్యండి. ఇవాళ శనివారం. సోమవారం పొద్దున్నే నేనే ఆటోనగర్ వాళ్ళకి చెప్పి, షాపుల్లోంచి నెమ్మదిగా వెనక్కి తెప్పిస్తా. అంతేగానీ మీరు హార్బర్లో నిలబడి అరిచారనుకోండి, రేపు పేపర్లో వస్తది, మన నూలు ఎవడూ ముట్టుకోడు. మూడొందల మంది పని చేస్తన్నారండీ ఇక్కడ. డయానా వాళ్ళ నాన్నకి డయాలసిస్ ఆ పిల్ల జీతంతోనే. ఆలోచించండి." ఆలోచిస్తూనే ఉంది. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. సోమవారం దాకా సముద్రం ఆగితే ఆయన చెప్పినట్టే చెయ్యొచ్చు.

సముద్రం ఆగదని తనకంటే బాగా ఎవరికి తెలుసు. తనకి తొమ్మిదేళ్ళప్పుడు, ఇలాగే జూన్‌లో, పడమర గాలి తిరిగే రోజుల్లో, చిన్నాన్న వాళ్ళ బోటు మొగకి అవతల లంగరేసి పోటు కోసం ఆగింది. మనుషులు ఇంటి ముందుకొచ్చి ఆగారంతే, తెల్లారితే ఒడ్డున ఉంటారు, చిన్నాన్న పీతలు తెస్తానన్నాడు. గాలికి తాడు తెగింది. లంగరు అడుగునే ఉండిపోయింది, బోటు అలల మీద అడ్డంగా తిరిగి మేట మీద పడి బోర్లాపడింది. ఆరుగురిలో అయిదుగురు ఈదుకొచ్చారు, చిన్నాన్న రాలేదు. మర్నాడు నాన్న ఆ తెగిన తాడు ముక్క ఇంటికి తెచ్చి చూరులో పెట్టాడు. అందరూ తాడు పాతదైపోయిందన్నారు, ఎవరినీ ఏమీ అనడానికి లేకపోయింది, పాత తాడు తెగింది, అంతే. ఈసారి కొత్త తాడు. ఈసారి అనడానికి ఒక పేరుంది. లంగరు తాడు ఎక్కడ తెగుతుంది? గట్టిగా ఉన్న ఏడు చోట్ల కాదు కదా తెగేది. రాత్రంతా బోటు గుంజుతూనే ఉంటుంది, గుంజి గుంజి ఆ మూడింటిని వెతుక్కుంటుంది, లోపల నలుగురు కళాసీలు చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోతూ ఉంటారు. వాళ్ళని సగటు చేసి ఎవరూ ముంచరు.

పెడన. ఆగింది, దిగారు, ఎక్కారు, కదిలింది. పది యాభై. ఒక ఆలోచన కౌతవరం నుంచీ పక్కనే కూర్చుని ఉంది, ఇప్పుడు మాట్లాడ్డం మొదలుపెట్టింది. అన్నయ్యకి ఒక్కడికే చెప్తే? పక్కకి పిలిచి, చెవిలో, ఈ తాడు తీసెయ్యి, పాతది వేసుకో, ఎందుకని అడక్కు. అన్నయ్య అడగడు. మిగతా వాళ్ళకి ఎవరో ఒకరు సోమవారం చెప్తారు, మొదటి వేట మూడు నాలుగు రోజులే, కొత్త తాడు మూడు నాలుగు రోజుల్లో ఏమవుతుంది, బహుశా ఏమీ కాదు, గాలి లేకపోతే అసలే ఏమీ కాదు. మిల్లు ఉంటుంది, కుర్చీ ఉంటుంది, డయానా వాళ్ళ నాన్నకి వారానికి రెండుసార్లు మెషీను దొరుకుతుంది. ఎంత చక్కగా అమరిందో, క్యాలిక్యులేటరు మీద ఏడు పాయింట్ ఆరు వచ్చినంత చక్కగా. నాగలక్ష్మి చీర కొంగుతో మెడ తుడుచుకుంది. బస్సు ఎక్కింది అందుకేనా? హనుమాన్ జంక్షన్లో పరుగెత్తి ఫుట్‌బోర్డు పట్టుకున్నప్పుడు కళ్ళ ముందున్నది అన్నయ్య మొహం ఒక్కటే, నిజం, మిగతా తొమ్మిది బోట్లు ఎవరివో కూడా అనుకోలేదు, ఒక్కో బోటుకి ఆరుగురు, యాభై నాలుగు మంది, వాళ్ళలో సగం మందిని తను పేరు పెట్టి పిలుస్తుంది.

పదకొండూ అయిదుకి బందరు. ఆటో. అంతా పరుగు, ఏమీ ఆలోచించలేదు, ఆటో అతను దారి మళ్ళినప్పుడల్లా నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయా అని చూసింది. హార్బరు గేటు దాటేసరికి పదకొండున్నర. పోటు పొంగుతోంది, బోట్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ పైకి లేస్తున్నాయి, ఇంజన్ల పొగ, ఐసు పొడి చేసే మర కరకర, పసుపూ కుంకుమా పూసిన ముక్కుల మీద బంతిపూల దండలు. వాటి పక్కనే తెల్లగా, నీలం పోగు మెరుస్తూ, చుట్టలు చుట్టిన తాళ్ళు. ఒకటి. ఇంకొకటి. లెక్కపెట్టకూడదనుకుంటూనే ఎనిమిది దాకా లెక్కపెట్టింది.

గంగాప్రసాద్ ఆమెని చూసి బోటు మీంచి గట్టు మీదికి దూకాడు. "ఏంటే లచ్చీ, డ్యూటీ లేదా ఇయ్యాల? మీ వదిన ఏదో చెప్పమందని పిల్లోడొచ్చి అన్నాడు, అర్థం కాలా."

"అన్నయ్యా, ఆ తాడు వెయ్యొద్దు. అందులో నూలు మంచిది కాదు. తడిస్తే సగం బలం కూడా ఉండదు."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు. "ఎవురు చెప్పారు?"

"నేనే చెప్తున్నా. పొద్దున పరీక్ష చేశాం."

"మరి ఆ నూలు చూసేది నువ్వే గదా."

"చూశాను. తక్కువగా ఉందని తెలుసు. తెలిసే సంతకం పెట్టాను."

గంగాప్రసాద్ ఆమెని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తాడు చుట్ట వైపు చూశాడు, నీళ్ళ వైపు చూశాడు, చిన్నాన్న పోయిన రోజు అతనికి పద్నాలుగేళ్ళు, ఒడ్డుకి చేరిన అయిదుగురిలో లేని ఆరోవాడి కోసం రెండు రోజులు అలల్లో తిరిగాడు. మెల్లిగా ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు. "సరే. నాది తీసేత్తా. పాతది ఉంది. ఇంకెవురికీ చెప్పమాక. నేను ఒక్కొక్కళ్ళకీ ఏదో ఒకటి చెప్పి తీయిత్తా, నీ పేరు రానియ్యను. నీ ఉద్యోగం పోద్దే పిచ్చిదానా."

బస్సులో తను అనుకున్నదే. అన్నయ్య నోట్లోంచి వింటే ఎంత ప్రేమగా ఉందో, ఎంత భయంగా ఉందో. ఏదో ఒకటి చెప్తాడు. ఏం చెప్తాడు? ఎవరు వింటారు, పోటు నిండుతుంటే, పక్క బోటు వాడు ముందు పోతుంటే? అన్నయ్య చెయ్యి విడిపించుకుని ఆమె రెండో బోటు దగ్గరికి నడిచింది. దాన్ని నడిపే సరంగు కాశీరావు, డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, చిన్నాన్నతో ఆ రోజు బోటులో ఉండి ఈదుకొచ్చిన అయిదుగురిలో ఒకడు. ఆమె చెప్పింది. ఈసారి మాటలు ఆగలేదు, వాన, డ్రయ్యరు, నాలుగు గంటలు, మూడు బాబిన్లు, అంతా. చుట్టూ జనం మూగారు. ఎవడో కుర్ర కళాసీ తాడు కొస గట్టు మీది ఇనప గుంజకి కట్టి, ఇంజను మీద లాగి చూపించాడు. తాడు బిగుసుకుంది, కిర్రుమంది, తెగలేదు. నవ్వులు వినపడ్డాయి.

"తెగట్లేదుగా అమ్మాయీ," అన్నాడు కాశీరావు.

"ఇవాళ తెగదు బాబాయ్. పొడిగా ఉంది, కొత్తగా ఉంది. మూడు రాత్రులు నానాక, గాలికి గుంజితే అప్పుడు తెగుద్ది. ఎక్కడ తెగుద్దో నేను చెప్పలేను. అదే భయం."

ఆయన ఆమె వైపు తీరిగ్గా చూశాడు, వెలుగుకి కళ్ళు చిట్లించుకుని. "మంచిదని కాగితం మీద రాసింది నువ్వే. మంచిది కాదని నోటితో చెప్పేదీ నువ్వే. ఏది నమ్మమంటావు?"

"అప్పుడు నా కుర్చీ కోసం రాశాను. ఇప్పుడు ఆ కుర్చీ పోతుందని తెలిసే చెప్తున్నాను."

కాశీరావు బోటు మీదికి చెయ్యి అందించి ఎక్కించుకున్నాడు, చుక్కాని గదిలోకి తీసుకెళ్ళి వైర్‌లెస్ సెట్టు మైకు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "గట్టు మీద చెప్తే గట్టు మీదోళ్ళకే వినపడుద్ది. అరగంట కితం, పోటు నిండకముందే, ఒక తేలిక బోటు ఆ తాడుతోనే మొగ దాటేసింది. ముందు ఆళ్ళకి చెప్పు. బొత్తాం నొక్కి మాట్లాడు, వదిలి విను."

చెమటకి బొత్తాం జారింది. మళ్ళీ నొక్కింది. తన గొంతు తనకే చిన్నగా వినపడింది, నేను నాగలక్ష్మినండీ, గిలకలదిండి, గంగాప్రసాద్ చెల్లెల్ని, హనుమాన్ జంక్షన్ నూలు మిల్లులో క్వాలిటీ ఇన్‌ఛార్జిని, తెల్లటి తాడులో నీలం పోగున్నది ఎవరి దగ్గరున్నా లంగరుకి వాడొద్దు, అది బలహీనంగా ఉంది, ఆ నూలు బాగుందని రాసింది నేనే, తప్పు రాశాను. వదిలింది. గరగర. ఏమీ లేదు. మళ్ళీ చెప్పింది. గట్టు మీద ఒకరిద్దరు తాళ్ళు విప్పుతున్నారు, ఒకడు విప్పకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు, గరగర, సముద్రంలో ఎక్కడో ఒక బోటు సూటిగా వెళ్ళిపోతోంది, ముక్కు మీద దండ, దండ పక్కన తాడు, ఇంజను మోతలో సెట్టు ఎవరు వింటారు, పాటలు పెట్టుకుని ఉంటారు, మొదటి రోజు కదా, మూడోసారి చెప్పింది, నాలుగోసారి చెప్పేటప్పటికి గొంతు బొంగురుపోయి మిల్లు పేరు సరిగా పలకలేదు. అయిదోసారి నొక్కబోతుంటే అవతల్నుంచి మనిషి గొంతు, గాలిలో తెగిపోతూ, "...వినపడిందమ్మా. నీలం పోగు. పాతది కూడా తెచ్చుకున్నాం, అదే వేత్తాం. ఇంకోపాలి చెప్పు, మా ఓడు రాసుకుంటాడు."

ఆమె ఇంకోసారి చెప్పింది, నెమ్మదిగా, లాటు నెంబరుతో సహా. చుక్కాని గది లోంచి చూస్తే గంగాప్రసాద్ తన బోటు ముక్కు మీద నిలబడి తెల్ల తాడు చుట్టలు చుట్టలుగా గట్టు మీదికి విసిరేస్తున్నాడు, ఇటు చూడ్డం లేదు. చేతులు కట్టుకుని నిలబడ్డవాడు కాసేపు దాన్నే చూసి, తన బోటు ఎక్కి వంగాడు. బ్యాగులో ఫోను మోగుతోంది. ఎప్పట్నుంచి మోగుతోందో. తెర మీద దుర్గాప్రసాద్ గారి పేరు, దాని కింద తొమ్మిది మిస్డ్ కాల్స్. ఆఖరి బోటు మీది తాడు కూడా గట్టు మీద పడేదాకా మోగనిచ్చి, అప్పుడు ఎత్తింది.

"సార్, ఆ లాటులో నూలు ఇంకా ఏయే ఊళ్ళకి వెళ్ళిందో నాకు కావాలి. లేదు సార్, సోమవారం కాదు. ఇప్పుడే. నేను రాసుకుంటున్నాను, చెప్పండి."